జతపరచినవి

వంశధారకి ఇవతల, రాయగడ జిల్లా చివర,
మా ఊరి కోర్టు వరండాలో
మూడో స్తంభం నాది.
ఇరవై రెండేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను
తెలుగులో విని, ఒడియాలో రాసి,
ఇంటికెళ్ళి మళ్ళీ తెలుగులో బెంగపడి.

సుసారి మంగళవారం వచ్చింది.
సంత రోజు కాబట్టి జీపు దొరికిందట.
ఆమెది సవర మాట. నాకు నాలుగు ముక్కలే వచ్చు.
మధ్యలో ఆమె మేనల్లుడు, ఎనిమిదో క్లాసు,
ఒక్కో వాక్యాన్నీ కట్టెల మోపులా మోసుకొచ్చి
నా బల్ల మీద దించాడు.

లుకాస్ రైతా.
విచారణ ఖైదీ. పద్నాలుగు నెలలు.
కేసు: ఒక టేకు దుంగ.
దుంగ ఇంకా రేంజి ఆఫీసు పెరట్లో ఉంది,
చెదలు పట్టినా దానికో నంబరుంది.
మనిషి ఆషాఢంలో పోయాడు.
కాగితం మీద కారణం: గుండె ఆగింది.

గుండె ఆగకుండా ఎవరు పోతారు బాబూ
అని నేను జైలరుని అడగలేదు.
అడగడం నా పని కాదు, రాయడం నా పని.
రాశాను.

ఒకటి: సబ్ జైలు ఎందరికి కట్టారు, ఎందరున్నారు.
రెండు: రోజుకి తలకి ఎన్ని చెంబుల నీళ్ళు.
మూడు: డాక్టరు చివరిసారి ఏ తేదీన లోపలికొచ్చాడు,
గేటు పుస్తకంలో సంతకం ఉందా.
నాలుగు: గజ్జి మందు ఎన్ని ట్యూబులు కొన్నారు.

"నాలుగోది కొట్టేయవయ్యా, మరీ చిన్న విషయం"
అన్నాడు పక్క స్తంభం పాణిగ్రాహి.
కొట్టేయలేదు.
గోకితే పుండు, పుండు చీము పడితే జ్వరం,
అది మూత్రపిండాల దాకా పోతే ఒళ్ళంతా వాపు.
ఇది మా తమ్ముడు చెప్పాడు,
కాశీనగర్‌లో మందుల షాపులో ఉంటాడు.
చివరి ములాఖత్‌లో మావయ్య మొహం
పొంగిన పూరీలా ఉందని
పిల్లవాడు నవ్వబోయి ఆగిపోయాడు.

ముప్పై రోజులన్నారు. నలభై ఏడో రోజున జవాబు.
ఒడియా అక్షరాలు వరసగా గొడుగులేసుకుని
ఒక్కటీ తడవకుండా నిలబడ్డాయి.

ఒకటి: మంజూరైన సామర్థ్యం ముప్పై ఆరు.
ఎందరున్నారో ఊసే లేదు.
రెండు: నీటి కొరత లేదు.
మూడు: సదరు పుస్తకం వానకి తడిసింది.
నాలుగు: ఈ కార్యాలయానికి సంబంధించినది కాదు,
ఆరోగ్య శాఖను అడగగలరు.

ఆరోగ్య శాఖను ముందే అడిగాను.
జైళ్ళ శాఖను అడగగలరు అన్నారు.
రెండు కవర్లనీ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.
ఒకదాని మొహం ఒకటి చూడలేదు.

చదివి వినిపించాను. పిల్లవాడు సవరలోకి మోశాడు.
నీటి కొరత లేదు, అన్న దగ్గర
సుసారి చెయ్యెత్తింది.
జైలువాళ్ళు తిరిగిచ్చిన మూట విప్పింది.
లుంగీ ఒకటి. తువ్వాలు ఒకటి. సిలువ కట్టిన తాడు.
ఎర్ర సబ్బు.

మాఘంలో ఆమే కొనిచ్చింది, దురద తగ్గుతుందని.
పైకాగితం విప్పలేదు.
అంచున జిగురు కూడా అలాగే ఉంది.
ఆర్నెల్లు ఆ మనిషి
సబ్బు తలకింద పెట్టుకుని పడుకున్నాడు,
నీళ్ళ వంతు వస్తుందని.

ఎన్ని అర్జీలకి ఎన్ని జతపరిచానో.
వేలిముద్రలు, రేషన్ కార్డు నకళ్ళు,
చావు సర్టిఫికెట్లు, నకలుకి నకలు.
సబ్బుకి నకలు ఎలా తీస్తారు?
జిరాక్స్ కుర్రాడు అద్దం మీద పెట్టి చూశాడు.
నల్లటి పలకొకటి వచ్చింది.
డబ్బులొద్దన్నాడు.

అప్పీలు రాశాను. చివర, ఎడమపక్క,
చెయ్యికి అలవాటైన చోట,
జతపరచినవి:
జవాబు, నకలు.
సబ్బు, అసలు.

పోస్టాఫీసులో త్రాసు మీద పెట్టారు.
లోపల ఏముందన్నాడు గుమాస్తా.
ఆ ఒడియా సుసారికి అర్థమైంది.
పిల్లవాడి కోసం ఆగకుండా తనే చెప్పింది,
ఒక్క మాట, సవరలో.
నాకు రాని మాట.
గుమాస్తా నావైపు చూశాడు,
నేను పిల్లవాడి వైపు చూశాను.
వాడు తల దించుకుని
రశీదు కోసం చెయ్యి చాచాడు.